పడవ వెళ్ళిపోయాక

గుండుగొలను వెంకట్రాజు గారు ఏలూరు పవర్‌పేటలోని ఆ వీడియో షాపుకి గొడవ పెట్టుకోవడానికే వచ్చారు. ఆ సంగతి బయటపడడానికి మాత్రం రెండు టీలు పట్టాయి. ముందు ఎండల గురించి మాట్లాడారు. తర్వాత తన చేపల చెరువుల గురించి మాట్లాడారు. హిదాయతుల్లా గారి ఆరోగ్యం అడిగారు. నాన్న మసీదుకి వెళ్ళాడని సఫియా చెప్పాక, ఇక ఫరవాలేదనుకుని జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టారు.

"ఏమీ అనుకోకండమ్మా. వీడియో చాలా బాగా తీశారండీ. కాకపోతే ఇందులో మనుషులు లేరండీ."

తప్పు ఎక్కడ జరిగిందో ఆయన వివరంగా చెప్పకముందే సఫియాకి తెలిసిపోయింది. వెంకట్రాజు గారి అమ్మాయి నాగదుర్గ పెళ్ళి హిదాయతుల్లా తీశాడు. తీసిందంతా, ముక్క కూడా వదలకుండా కావాలన్నారు అత్తింటివారు. పెళ్ళిళ్ళ సీజను హడావిడిలో సఫియా మెమరీ కార్డుల్లో ఉన్నదంతా ఉన్నట్టే ఎక్కించి ఇచ్చేసింది. అవతల వియ్యాలవారు చుట్టాలందరినీ పిలిచి, జంతికలు పెట్టుకుని, పెద్ద టీవీ ముందు కూర్చున్నారు. పెళ్ళికూతురి కారు గేటు దాటింది. కారు వెళ్ళిపోయినా టీవీలో గేటు అలాగే ఉంది. అలాగే ఉంది. టీవీ బిగుసుకుపోయిందనుకుని వాళ్ళబ్బాయి రెండుసార్లు ఆపి మళ్ళీ పెట్టాడు. గేటే వచ్చింది. తర్వాత ఖాళీ పందిరి వచ్చింది. ఖాళీ కుర్చీలు వచ్చాయి. ఒక కుక్క వచ్చి విస్తరాకు వాసన చూసి, దానికీ విసుగు పుట్టి వెళ్ళిపోయింది.

"కుక్కని తీశారండీ, అది ఫరవాలేదు. అప్పగింతలప్పుడు మా ఆవిడ అంత ఏడ్చిందా, వీపు తీశారండీ. మొహమే లేదు. అదొక్కటే మా ఆవిడకి బాధగా ఉంది," అన్నారు వెంకట్రాజు గారు. ఆయనకి కూడా బాధగానే ఉందని ఆయన మొహం చెప్పింది.

సఫియా క్షమించమని అడిగింది. కత్తిరించి మళ్ళీ చేసి ఇస్తానంది. ఆయన వెళ్ళిపోయాక షట్టరు సగం దించి, కార్డులోదంతా మొదటిసారి కూర్చుని చూసింది.

పదేళ్ళుగా తండ్రి తీస్తాడు, కూతురు కత్తిరిస్తుంది. మనుషులు వెళ్ళిపోయాక మిగిలిన ఖాళీని సఫియా ఎప్పుడూ చూసి కత్తిరించలేదు. తోటకూర కాడల చివర్లు తుంచినట్టు, చేతి అలవాటుగా తుంచేసేది. అందుకే అవి ఎంత పొడుగున్నాయో ఆమెకి తెలియదు. ఇప్పుడు చూస్తే భయమేసింది. ఆ గేటు ముందు కెమెరా పెట్టి మనిషి నిద్రపోయాడా, లేక ఎక్కడికైనా వెళ్ళిపోయాడా అనిపించేంత పొడుగున్నాయి.

భయానికి కారణం ఉంది. హిదాయతుల్లా ఈమధ్య పాలకని వెళ్ళి ఖాళీ సంచితో తిరిగొస్తున్నాడు. కుళాయి తిప్పి, బిందె పెట్టడం మరిచి, వాకిట్లో నిలబడుతున్నాడు. డాక్టరు దగ్గరికి తీసుకెళితే ఆయన తీరిగ్గా అన్నీ అడిగి, చివరికి ఒక్క మాట అడిగాడు. మొదలుపెట్టిన పని ఆపడం మర్చిపోతున్నారా అని. సఫియా లేదంది. తండ్రి పక్కనే కూర్చుని ఉండగా అవునని ఎలా చెబుతుంది? కొన్నాళ్ళు గమనించి మళ్ళీ తీసుకురమ్మన్నాడు డాక్టరు.

ఇంకొకటి ఉంది, నల్లసంచి. వెనకటి రోజుల్లో పెళ్ళి వీడియో అంటే హాలోజెన్ లైటు, దానికి పాములాంటి పొడుగాటి వైరు. ఆ లైటు పట్టుకునేది సఫియా తల్లి షిఫా. ఆడవాళ్ళ గదుల్లోకి మగ లైటుమేన్‌ని రానివ్వని రోజుల్లో, ఆ భార్య ఉండబట్టే హిదాయతుల్లాకి భీమడోలు నుంచి చింతలపూడి దాకా పెళ్ళిళ్ళు దొరికాయి. అందరూ వెళ్ళిపోయాక ఆవిడ వైరు చుట్టడానికి వచ్చేది. ఇంట్లో ఉర్దూ మాట్లాడినా పెళ్ళివారి ముందు తెలుగే మాట్లాడేది. "అయిందాండీ? చుట్టేయనా?" అని అడిగేది. ఆయన అయిందనేవాడు. చిన్నప్పుడు సఫియా వాళ్ళిద్దరినీ అనుకరించి ఇంటిల్లిపాదినీ నవ్వించేది. కరోనా వచ్చిన ఏడాది షిఫా పోయింది. లైట్లన్నీ ఇప్పుడు బ్యాటరీ మీద వెలుగుతాయి, వైరుతో పనే లేదు. అయినా హిదాయతుల్లా ప్రతి పెళ్ళికీ ఆ వైరున్న నల్లసంచి భుజాన వేసుకునే బయల్దేరతాడు. ఎందుకని అడిగితే, ఉండనియ్యమ్మా అంటాడు.

ఆ వారంలోనే తాడేపల్లిగూడెం నుంచి సరోజ అనే ఆవిడ ఫోను చేసింది. ఆవిడ కూతురి పెళ్ళి సఫియా వాళ్ళే ఒప్పుకున్నారు. ఈ సరోజ, వెంకట్రాజు గారికి తెలిసినావిడ. చుట్టూ తిప్పి తిప్పి, ఈసారి నాన్నగారికి శ్రమ ఇవ్వకుండా ఇంకెవరినైనా పెడతారేమోనని అడిగింది. సఫియాకి చెవులు కాలిపోయాయి. అక్కడే ఉండే ఉదయ్ కిరణ్ అనే కుర్ర కెమెరామేన్‌ని మాట్లాడింది. నాన్న ఒక పక్కన స్టాండు మీద ఇంకో కెమెరాతో ఊరికే ఉంటాడని, ఈ పెళ్ళి తర్వాత ఇక ఏ పెళ్ళికీ రాడని సరోజకి మాట ఇచ్చింది. ఆ మాట తండ్రికి మాత్రం చెప్పలేకపోయింది. రోజూ పొద్దున్నే చెబుదామనుకుంటుంది. ఆయన కెమెరా లెన్సు తుడుచుకుంటూ కూర్చుని ఉంటాడు. నోరు రాదు.

ఇలా ఉండగా గాయత్రి అనే ఆవిడ దిగింది. విజయవాడలో ఒక కాలేజీలో సినిమా చరిత్ర పాఠం చెబుతుందట. జాహిద్ గారి వారసుల కోసం ఏలూరంతా వెతికి వచ్చానండీ అంది. జాహిద్ అంటే హిదాయతుల్లా తండ్రి. ఏలూరు తివాచీలు నేసేవాడు.

ఆమె చెప్పింది విని సఫియాకి సగం నమ్మబుద్ధి కాలేదు. మాటల్లేని సినిమాల రోజుల్లో దెందులూరి అచ్యుతం అని ఏలూరాయన ఒకడుండేవాడట. మూడు సినిమాలు తీశాడట. సినిమాకి మాటలు రాగానే ఈయన నోరు మూసుకుని ఇంట్లో కూర్చున్నాడట. ఆయన దర్బారు సెట్టుకి తివాచీ కావాల్సి వస్తే జాహిద్ తెచ్చి పరిచాడు. ఎవరైనా చెప్పులతో తొక్కేస్తారేమోనని కాపలాకి అక్కడే కూర్చున్నాడు. కాపలా కూర్చున్నవాడు మెల్లగా కెమెరా పక్కనున్న పిడి తిప్పడం నేర్చుకుని అచ్యుతంతో ఉండిపోయాడు. ఆ మూడు సినిమాల్లోనూ ఇప్పుడు మిగిలింది ఒకే ఒక్క రీలు. మొదలూ చివరా లేవు కాబట్టి అది ఏ సినిమాయో, పేరేమిటో కూడా తెలియదు. దాన్ని బాగుచేయించి ఏలూరులోనే వేస్తున్నామని, పెద్దాయనని తప్పకుండా తీసుకురావాలని గాయత్రి కోరింది.

బొమ్మ వేసే రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని హిదాయతుల్లా మొదటి వరసలో కూర్చున్నాడు. గాయత్రి అచ్యుతం పనితనం గురించి చక్కగా మాట్లాడింది. అందరూ కెమెరాని మనిషి ఎత్తున నిలబెడితే ఈయన నీళ్ళ మట్టానికి దించాడంది. కథ చెప్పడానికి తెర మీద రాతలు పెట్టడం ఆయనకి అసహ్యమంది. ఏడుపు వచ్చినప్పుడు మొహం చూపించడు, వీపు చూపిస్తాడంది.

వీపు అనగానే సఫియా ఉలిక్కిపడింది.

"అన్నిటికన్నా ముఖ్యం, మనుషులు వెళ్ళిపోయాక కూడా ఆయన కెమెరా ఆపడు. మనిషి లేని చోట కథ చెప్పడం మనకి నేర్పింది ఆయనే. ఆయన పేరు కూడా తెలియనివాళ్ళు ఈవేళ్టికీ ఆయనలాగా తీస్తున్నారు," అని ముగించింది గాయత్రి.

దీపాలు ఆర్పారు. కొల్లేరు కనబడింది. ఒక పిల్లని అత్తవారింటికి పంపుతున్నారు. ఆ రోజుల్లో అక్కడ కారేమిటి, దోనెలోనే ప్రయాణం. తల్లి వీపు కనబడుతోంది. దోనె కదిలింది, తుంగ చాటుకి వెళ్ళిపోయింది. తల్లీ పక్కకి తప్పుకుంది. ఇక నీళ్ళే. ఒక కొంగ వచ్చి వాలింది, ఎగిరిపోయింది. మళ్ళీ నీళ్ళే. హాల్లో జనం కుర్చీల్లో కదిలారు, ఎవరో దగ్గారు. సఫియా మాత్రం ఊపిరి బిగబట్టుకుంది. ఆమె చూస్తున్నది కొల్లేరు కాదు, వెంకట్రాజు గారి గేటు. అదే వీపు, అదే ఖాళీ. నూరేళ్ళ కిందట ఈ బొమ్మ తీసిన మనిషి చెయ్యి తన తండ్రి చేతిలో ఉందా? అయితే ఇది జబ్బు కాదు, విద్య. ఆమెకి ఏడుపూ సంతోషమూ కలిసి వచ్చాయి. అప్పుడే తెర తెల్లగా మెరిసి రీలు అయిపోయింది.

"ఇంకా ఉంది," అన్నాడు చీకట్లో హిదాయతుల్లా, నెమ్మదిగా. "అక్కడ తెగిపోయింది."

"ఇంకా ఏముంది అబ్బా?" అంది సఫియా, ఇంట్లో తండ్రిని పిలిచే ఉర్దూ పిలుపుతో.

"ఎవరో వస్తారు. మా నాన్న చెప్పేవాడు. ఎవరొస్తారో మర్చిపోయాను."

దీపాలు వెలగగానే గాయత్రి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. వీపుల సంగతీ గేటు సంగతీ సఫియా గబగబా ఆమె చెవిన వేసింది. గాయత్రి కళ్ళు మెరిశాయి. జాహిద్ గారు మీకు ఈ పద్ధతి ఎలా నేర్పారండీ అని అడిగింది. హిదాయతుల్లా మొహమాటంగా నవ్వాడు. తండ్రి తనకేమీ నేర్పలేదన్నాడు. ఈ బొమ్మ చూడటం ఇదే మొదలన్నాడు. మరి మనుషులు వెళ్ళాక కూడా తీస్తూనే ఉంటారట కదండీ అని ఆమె వదలకుండా అడిగింది.

"అదా? ఆపడం మర్చిపోతానమ్మా. వయసు కదా," అన్నాడాయన.

డాక్టరు అడిగిన మాటకి జవాబు వచ్చేసిందనుకుంది సఫియా. గాయత్రి మాత్రం దాన్ని పెద్దమనిషి వినయమనుకుని ముచ్చటపడింది. చదువుకున్నవాళ్ళతో ఇదొక చిక్కు, ఎదుటివాళ్ళు నిజం చెబితే వినయమనుకుంటారు. అయితే అది నిజమేనా?

ఎందుకంటే ఇంటికి వస్తూ ఆటోలో ఆయనే ఇంకో మాట చెప్పాడు. ఎవరూ అడగకుండానే, బయటికి చూస్తూ చెప్పాడు.

"వెళ్ళేవాళ్ళని ఊరంతా చూస్తుంది. వాళ్ళు వెళ్ళాక వచ్చేవాళ్ళని చూడటానికే మనం ఉన్నది. అచ్యుతం గారు అలా అనేవారట మా నాన్నతో. అందుకని తొందరపడి ఆపకూడదు."

"మరి ఇందాక మర్చిపోతానని చెప్పావేంటి అబ్బా?"

ఆయన సఫియా వైపు తిరిగి, ఇది ఏ వీధమ్మా, ఎటు వెళుతున్నాం మనం అని అడిగాడు. అది వాళ్ళ వీధే. ఆయన పుట్టిన వీధి.

ఆ రాత్రీ, ఆ మర్నాడూ సఫియాకి తల పనిచేయలేదు. విద్య అనుకుంటే పాల సంచి గుర్తొస్తుంది. జబ్బు అనుకుంటే కొల్లేరు నీళ్ళు గుర్తొస్తాయి. జబ్బయితే కెమెరా చేతిలోంచి తీసుకోవాలి. విద్యయితే తీసుకోవడం పాపం. రెండు పక్కలా ఆయనే సాక్ష్యం చెబుతున్నాడు, రెండూ నమ్మేలాగే చెబుతున్నాడు. చివరికి ఒకటి తేల్చుకుంది. తాడేపల్లిగూడెం పెళ్ళిలో పక్కనే నిలబడి కళ్ళారా చూస్తుంది. మనుషులు వెళ్ళాక ఆయన కళ్ళు ఎక్కడుంటాయో చూస్తే తెలిసిపోతుంది. చూస్తున్నాడా, మరిచిపోయాడా, అప్పుడు తేలుతుంది.

పగటి ముహూర్తం. ఉదయ్ కిరణ్ కెమెరా పట్టుకుని పందిరంతా పరుగులు పెట్టాడు. తాళి కట్టేటప్పుడు పంతులు గారి భుజాల మధ్య నుంచి దూరాడు. పెళ్ళికొడుకుని వెనక్కి నడిపించి మళ్ళీ ముందుకి నడిపించాడు. హిదాయతుల్లా స్టాండు వేసుకుని ఒక మూల ఉన్నాడు. తన చోట కుర్రాణ్ణి పెట్టారని ఆయనకి అర్థమైందో లేదో తెలియదు. నల్లసంచి మాత్రం కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు.

అప్పగింతలప్పుడు స్టాండు ఎత్తుకుని గేటుకి ఎదురుగా, సరోజ వెనక్కి వచ్చాడు. ఉదయ్ కిరణ్ ముందుకెళ్ళి ఆవిడ మొహం మీద లైటు వేశాడు. సఫియా ఇద్దరి కెమెరా తెరలూ చూసింది. కుర్రాడి తెరలో సరోజ కన్నీళ్ళు తుడుచుకుని, కెమెరా ఉందని జుట్టు సవరించుకుని, నవ్వబోయింది. తండ్రి తెరలో సరోజ వీపు. కుడిచెయ్యి వెనక్కి వచ్చి, పట్టుకోవడానికేమైనా దొరుకుతుందేమోనని గాలిలో వెతుకుతోంది. ఏమీ దొరక్క తన కొంగునే గుప్పిట్లో పట్టుకుంది. సఫియా ఇన్నేళ్ళలో ఎన్ని వీపులు కత్తిరించి పారేసిందో. సిగ్గుతో ఆమె మొహం వేడెక్కింది.

కారు కదిలింది. ఉదయ్ కిరణ్ దాని వెంట పరుగెత్తాడు. జనం కాసేపు చూసి భోజనాల వైపు మళ్ళారు. సరోజని ఎవరో లోపలికి నడిపించారు. గేటు ఖాళీ అయింది. నేల మీద అక్షింతలు, నలిగిన బంతిపూలు, ఎవరిదో ఒంటి చెప్పు. కెమెరా మీద ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది.

సఫియా తండ్రినే చూసింది. ఆయన నిద్రపోవడం లేదు. పరాకుగానూ లేడు. ఒక కన్ను మూసి, రెండో కన్ను కెమెరాకి ఆనించి, అచ్చం పడుచువాడిలా నిలబడి చూస్తున్నాడు. అంత శ్రద్ధగా చూస్తున్నాడంటే మరిచిపోయినట్టు కాదు. ఆమెకి ప్రాణం లేచి వచ్చింది. అయితే చూస్తున్నది దేన్ని? అక్కడ ఏమీ లేదు. పోనీ ఇప్పుడు ఆపుతాడు, ఇప్పుడు ఆపుతాడు అనుకుంది. ఆపలేదు. భోజనాల దగ్గర రెండో వరస విస్తళ్ళు వేస్తున్న చప్పుడు వినబడింది. సరోజ వాళ్ళాయన ఒకసారి ఇటు తొంగిచూసి వెళ్ళాడు. సఫియా తట్టుకోలేక దగ్గరికెళ్ళి, బటను మీదికి చెయ్యి చాచి, మెల్లగా అడిగింది.

"ఎవరి కోసం అబ్బా?"

ఆయన కన్ను తియ్యలేదు.

"మీ అమ్మ రావాలి కదా, వైరు చుట్టడానికి. వస్తే ఆపేస్తాను."

చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఒక్కసారిగా పాత టేపులన్నీ ఆమె కళ్ళ ముందు తిరిగాయి. ఇంట్లో అటక మీద ఉన్న టేపులు, తను పుట్టకముందు పెళ్ళిళ్ళవి. అన్నిట్లోనూ ఖాళీ ఉండేది, కానీ కొంచెమే ఉండేది. ఎందుకంటే అంతలోకే అమ్మ వచ్చేసేది. పైట బొడ్లో దోపుకుని, వైరు కొస వెతుక్కుంటూ బొమ్మలోకి నడిచి వచ్చేది. వెళ్ళేవాళ్ళు వెళ్ళాక వచ్చే మనిషి ఆవిడే. ఆవిడ పోయాక ఆ చోటికి ఎవరూ రావడం లేదు. ఈయన ఎదురు చూస్తున్నాడు. ఏడాదికేడాదీ ఇంకాస్త ఎక్కువసేపు ఎదురు చూస్తున్నాడు.

జబ్బే. ఇక సందేహం లేదు, సోమవారం డాక్టరుకి చెప్పాల్సిందే. కానీ ఆ వీపు తీసిన చెయ్యి జబ్బు చెయ్యి కాదు. అచ్యుతం గారు తివాచీల జాహిద్‌కి చెప్పిన మాట ఇంకా ఆ చేతిలో పనిచేస్తూనే ఉంది. ఈ రెండూ ఒకే మనిషిలో ఒకేసారి ఎలా నిజమవుతాయో ఆమెకి ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా ఆగే ఓపిక మాత్రం లేదు, అక్కడ ఎర్ర లైటు వెలుగుతోంది.

సఫియా వంగి నల్లసంచి ఎత్తుకుంది. గేటు దగ్గరికి నడిచింది. పదేళ్ళుగా కెమెరా వెనకే బతికిన మనిషికి దాని ముందుకి వెళ్ళాలంటే నడక తడబడింది. నేల మీద కూర్చుని సంచి విప్పింది. వైరు చుట్ట లోపల ఉంది. అమ్మ చివరిసారి చుట్టినట్టే ఉంది, పాత చీర అంచు ముక్కతో కట్టిన ముడి కూడా ఊడలేదు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆ ముడి విప్పడానికి సఫియాకి చేతులు రాలేదు. విప్పితే అమ్మ చుట్టిన చుట్ట పోతుంది. కాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది. తర్వాత విప్పింది. వైరు నేల మీద పరిచి, కొస పట్టుకుని, అరచేతికీ మోచేతికీ మధ్య ఒక్కో చుట్టా వేస్తూ లేచి నిలబడింది. కళ్ళ నిండా నీళ్ళు తిరిగి కెమెరా సరిగ్గా కనబడలేదు. అటు చూసి, పెళ్ళివారి ముందు అమ్మ మాట్లాడే తెలుగులో అడిగింది.

"అయిందాండీ? చుట్టేయనా?"

హిదాయతుల్లా కెమెరా మీంచి తలెత్తాడు. చాలాసేపు నిలబడి ఉన్నందుకు నడుం పట్టుకున్నాడు.

"అయింది, చుట్టెయ్," అని ఆపేశాడు.